అన్న చోట్లో చెక్కభజన

కోయిలకుంట్ల దారిలో ట్రాక్టర్ బోల్తా పడి మా అన్న చనిపోయిన ఏడాదే, ఆళ్లగడ్డ దగ్గరున్న మా ఊరి చెక్కభజన గురువు ఇంటికొచ్చి నన్ను పిలిచాడు. "వరుసలో మీ అన్న చోటు ఖాళీగా ఉండాది. నువ్వు రాప్పా" అన్నాడు.

గుడి దగ్గర చేతుల్లో చెక్కలు వాయిస్తూ వరుసగా వేసే ఆ అడుగులు నాకు రావు. అందరూ కుడికి తిరిగితే నేను ఎడమకు తిరిగి పక్కాయన్ను గుద్దుకునేవాణ్ని. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఎట్టకేలకు అడుగు కుదిరిన సాయంత్రం గురువు, "అచ్చం మీ అన్న మాదిరే ఏస్తాండావ్" అన్నాడు. సంబరంగా కాళ్ల గజ్జెలతోనే ఇంటికి పోయి అమ్మకు చెప్పాను.

అమ్మ నా కాళ్ల వైపే చూసింది. "గజ్జెలతో ఇంటికి రావొద్దు నాయనా. చప్పుడు వింటే వాడే వస్తాండాడని తలుపు తీస్తాండా" అంది.

మరుసటి రోజు నుంచి గజ్జెలు గుడి దగ్గరే విప్పి, మోగకుండా తువ్వాల్లో చుట్టుకొని ఇంటికి పోయేవాణ్ని.