గెన్‌పెయి తాత, నడి వాగు రాయి

మా గెన్‌పెయి తాతకి ఉన్న అలవాటు ఒక్కటే: వాగులో పడటం. తాగుడు లేదు, కోపం లేదు, ఎవరి ఊసూ పట్టదు. వాగు కనిపిస్తే మాత్రం పడి తీరతాడు.

వేసవి సెలవుల్లో మా లోయలో పిల్లల శిబిరం నడుస్తుంది. పొద్దున్నే మత్సుమోతో అనే పట్నం నుంచి పిల్లలు బస్సులో దిగుతారు. కొమ్ముపురుగులు పట్టుకుని, రాళ్ళ కింద పీతలు వెతికి, సాయంత్రానికి బురద కాళ్ళతో ఇళ్ళకు పోతారు. వాళ్ళ మీద పెత్తనం తాతది, వంట నాది. అడవిలోకి పోవాలంటే వాగులో పరిచిన రాళ్ళ మీదుగా దాటాలి. అడవిపందులు సైతం కాలు జారకుండా దాటే రాళ్ళవి. మా తాత మాత్రం నడిమి రాయి మీదికి రాగానే చేతులు రెండూ గాలిలో ఆడించి, "అయ్యో, అయ్యో" అని ముందుగా చెప్పి మరీ పడతాడు.

కుడివైపు పడతాడా, ఎడమవైపు పడతాడా అని పిల్లలు బియ్యప్పిండి బిస్కట్లు పందెం కాసేవారు. తాత భార్య సుమియే అవ్వ తడి ప్యాంట్లు ఆరేస్తూ, తాను మనిషిని చేసుకుందో చేపని చేసుకుందో ఇప్పటికీ తేలలేదనేది.

ఒకసారి నేనే నిలదీశాను. "ఆకులు రాలే కాలంలో పుట్టగొడుగుల బుట్ట నెత్తిన పెట్టుకుని ఇవే రాళ్ళ మీద పరిగెత్తావు. అప్పుడు పడలేదేం తాతా?"

"ఒక్కడినే పడితే ఏం సరదా, యాసుయే తల్లీ?" అన్నాడు.

ఈ వయసులో నలుగురి కంట్లో పడాలన్న యావ అనుకున్నాను.

నిరుడు తల్లిదండ్రుల సంఘానికి హిరామత్సు గారు పెద్ద అయ్యారు. స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకు అన్నీ వేళకి, వరసలో ఉండాలి. తన కాళ్ళ మీద తాను వాగు దాటలేని వాడి చేతిలో పిల్లల్ని ఎలా పెడతామన్నారు. మొదటిరోజు స్వయంగా వస్తాననీ, తాత ఒక్కసారి పడినా మర్నాడు పట్నం నుంచి కుర్ర మాస్టరు దిగుతాడనీ చెప్పారు. శిబిరం లేకపోతే మా తాతకి వేసవే లేదు. పడనని ఒట్టేశాడు. సుమియే వాగు రాళ్ళకి పట్టు ఉండే గడ్డిచెప్పులు తెచ్చి, తానే వంగి కట్టింది.

ఆ రోజు ఎండ మండిపోతోంది. వడదెబ్బ తగులుతుందని నేను పిల్లలందరికీ చల్లని బార్లీ టీ కడుపునిండా తాగించాను. తర్వాత వాగు ఒడ్డున వరస కట్టించి హిరామత్సు గారు ఉపన్యాసం మొదలుపెట్టారు. ప్రకృతి అయింది, క్రమశిక్షణ అయింది, రైళ్ళ దగ్గరికి వచ్చారు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే చెయ్యెత్తి వెళ్ళొస్తాననే పిల్లలు మా దగ్గర పుట్టరు. ఒంటికాలి మీద నిలబడి, కాలు మార్చుకుంటూ వింటున్నారు. తాత నడిమి రాయి మీద కొంగలా కదలకుండా ఉన్నాడు.

ఉన్నట్టుండి చేతులు ఆడించాడు. "అయ్యో, అయ్యో."

పడటం ఒక ఎత్తు, పడ్డాక రెండు చేతులా నీళ్ళు చరచటం ఒక ఎత్తు. ముందు వరసంతా తడిసి ముద్దయింది. ఉపన్యాసం కాగితం హిరామత్సు గారి చొక్కాకి అతుక్కుపోయింది. కొంప ముంచాడు ముసలాడు అనుకున్నాను.

"చినత్సూ, చెయ్యివ్వమ్మా, నువ్వే దగ్గర" అన్నాడు తాత నీళ్ళలోంచి.

ఆ ఏడే కొత్తగా చేరిన ఆ చినత్సు పాప వాగులోకి దూకేసింది. వెనకే అందరూ దూకారు. అప్పుడు స్ఫురించింది నాకు. తాత పడకముందు ఆ పిల్ల టోపీని నిక్కరుకి అడ్డం పెట్టుకుని, ఏడుపు బిగబట్టుకుని నిలబడి ఉంది. ఆ నిక్కరు తడిపింది నేను పోసిన టీయే. ఇప్పుడు ఎవరి తడి ఎక్కడిదో ఎవరికి తెలుస్తుంది? ఏటా రాళ్ళు దాటడానికి భయపడే పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు. తాతే ముందు పడిపోయాక, పడటానికి ఇక సిగ్గెవరికి? నా కళ్ళు ఇన్నాళ్ళూ ఏం చూశాయో గానీ, ఆ క్షణాన ముసలాడు నాకు ఎంతో ముద్దొచ్చాడు.

హిరామత్సు గారు తిట్టడానికే నోరు తెరిచారు. నీళ్ళలో తేలిపోతున్న టోపీని చూశారు, పకపకా నవ్వుతున్న చినత్సుని చూశారు, నా చేతిలోని టీ కూజాని చూశారు. నోరు మూసుకుని నా దగ్గరికి వచ్చారు.

"నా ఉపన్యాసం మరీ సాగింది కదమ్మా?"

"కొంచెమండీ" అన్నాను.

ఆయన బూట్లు విప్పి, రెండూ సమానంగా ఒడ్డున వరసలో పెట్టారు. గడియారం తీసి ఒక బూటులో దాచారు.

"సుమియే గారితో చెప్పండి. ఇకనుంచి ఏటా తాతగారి బట్టలతో పాటు నాకూ ఒక పొడి జత ఉంచమని."