ఎవరూ ఆగక్కర్లేని రోడ్డు

మా మేడంగారు పోయేరని రెండు వారాల కిందట ఆదివారం పొద్దున్న మలికిపురం నుంచి ఆవిడ తమ్ముడుగారు ఫోన్ చేసేరు. "అక్కయ్య నిద్రలోనే వెళ్ళిపోయిందండీ. మీకు చెప్పాలనిపించింది," అన్నారు. ఆయ్ అని, పెద్దకార్యం ఎప్పుడో అడిగి రాసుకున్నాను. ఫోన్ పెట్టేసేక చాలాసేపు కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే బళ్ళని చూస్తూ ఉండిపోయేను. బళ్ళని అలా ఊరికే చూడడం ఆవిడ దగ్గర అబ్బిన అలవాటు.

ఆవిడ ఇంజనీరింగ్ కాలేజీలో మాకు రోడ్ల పాఠం చెప్పేవారు. సన్నటి మనిషి, ఎప్పుడూ నేతచీరే. బోర్డు మీద గీస్తుంటే ముగ్గు వేస్తున్నట్టుండేది. రెండు పెద్ద రోడ్లు కలిసేచోట ఎలా కట్టాలో చెప్పేరోజున గొంతు మెత్తబడేది. ఒక రోడ్డు మీంచి ఇంకో రోడ్డు, నాలుగు మూలలా నాలుగు గుండ్రటి దారులు. పైనుంచి చూస్తే నాలుగు రేకుల పువ్వు. దాన్ని క్లోవర్‌లీఫ్ అంటారు. "ఇందులో సిగ్నల్ ఉండదు. ఎవరూ ఆగక్కర్లేదు," అనేవారు. గంట కొట్టినా ఆ బొమ్మ చెరిపేవారు కాదు.

నేను చదువైపోయి అక్కడే లెక్చరర్‌గా చేరేక, ఓసారి బస్సులో పక్కపక్కన కూర్చుని వెళ్తుంటే కారణం చెప్పేరు. వాళ్ళమ్మగారికి గుండెనొప్పి వస్తే అద్దె కారులో రాజమండ్రి తీసుకెళ్తున్నారట. మా కోనసీమ రోడ్డు హైవేలో కలిసేచోట లారీలు అడ్డదిడ్డంగా ఇరుక్కుని కారు కదల్లేదు. "అమ్మ తల నా ఒళ్ళో ఉంది. ఇంకా ఎంతసేపే, అని అడుగుతోంది. నాకేం తెలుసు? కారు కదిలేసరికి అడగడం మానేసింది," అన్నారు. తర్వాత కిటికీ వైపు తిరిగిపోయేరు. బయట కొబ్బరిచెట్ల నీడలు ఆవిడ మొహం మీంచి జారిపోతూనే ఉన్నాయి.

కొన్నేళ్ళకి హైవేని వెడల్పు చేసే పని మొదలైంది. మేడంగారి కారు ఇరుక్కున్న ఆ జంక్షన్‌కి ఏది బాగుంటుందో చూసి చెప్పమని హైవేవాళ్ళు మా కాలేజీని అడిగేరు. రెండు నమూనాలు. ఒకటి మేడంగారి పువ్వు. రెండోది డైమండ్. హైవే వంతెన మీంచి తిన్నగా పోతుంది, కింద మన ఊళ్ళ రోడ్డు మీద సిగ్నళ్ళు ఉంటాయి. రెండింటినీ కంప్యూటర్లో కట్టి, బళ్ళని వదిలి, ఒక్కో బండి సగటున ఎంతసేపు ఆగుతోందో చూడాలి.

ఆ మధ్యాహ్నాలు నాకిప్పటికీ కలలోలా ఉంటాయి. ల్యాబు కిటికీలకి తెరలు దించి ఉండేవి. తెరసందుల్లోంచి వచ్చిన ఎండ నేలమీద గీతలుగా పడేది. కంప్యూటర్లో బియ్యపు గింజలంత బళ్ళు రంగురంగులుగా రేకుల చుట్టూ తిరిగేవి. చప్పుడు లేదు, పొగ లేదు. మేడంగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "చూడమ్మాయ్, ఎంత హాయిగా పోతున్నాయో," అనేవారు.

ఇవాళ్టి బళ్ళతో పువ్వే గెలిచింది. తర్వాత, ముందుముందు పెరగబోయే బళ్ళని వదిలేం. ఒక రేకులోంచి దిగే బండీ, పక్క రేకులోకి ఎక్కే బండీ ఆ కాస్త మేరలోనే ఒకదాని దారికి ఒకటి అడ్డం పడుతూ పోవాలి. గింజలు అక్కడ చిక్కుపడ్డాయి. చిక్కు వెనక్కి పాకి హైవే దాకా వెళ్ళింది. డైమండ్‌లో మాత్రం బళ్ళు కాసేపు ఆగి, మళ్ళీ కదిలేయి. మేడంగారు మళ్ళీ మళ్ళీ నడిపించేరు. ప్రతిసారీ అదే. చివరికి లేచి వెళ్ళి తెర కొంచెం పక్కకి తీసి, బయటికి చూస్తూ నిలబడ్డారు.

మా డిపార్ట్‌మెంటు పెద్దాయనకి ఆవిడంటే అభిమానం. "ఇవాళ్టి లెక్క ఒక్కటే ఇద్దామండీ. అదీ నిజమే కదా," అన్నారు.

"ఇవాళ ఉన్న బళ్ళకి కట్టట్లేదు కదండీ వంతెన. ఇంకా కొననివాళ్ళ బళ్ళకి కడుతున్నాం," అన్నారు మేడంగారు.

మీటింగులో రెండు లెక్కలూ ఆవిడే చదివేరు. ఒక ఆఫీసరుగారు ఆశ్చర్యపోయేరు. "క్లోవర్‌లీఫ్ కావాలని ఇన్నాళ్ళూ అడిగింది మీరే కదండీ?"

"ఆయ్, నేనేనండీ. బొమ్మగా నాకిప్పటికీ అదే ఇష్టం. కట్టేది మాత్రం రెండోదే కట్టండి."

కాయితాలు సర్ది ఆఫీసరుగారి ముందుకి జరిపేరు.

రెండోదే కట్టేరు. ఆవిడ రిటైరయ్యేక ఓసారి ఇద్దరం రాజమండ్రి వెళ్తుంటే ఆ వంతెన కింద మా బస్సు ఎర్రలైటు దగ్గర ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేసేడు. లైటు పక్కన సెకన్ల అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. పైన లారీలు ఉరుముకుంటూ పోతున్నాయి. నేను మొహమాటంగా ఆవిడ వైపు చూసేను. ఆవిడ నవ్వేరు. "ఆగడంలో బాధేం లేదమ్మాయ్. ఎంతసేపో తెలిస్తే చాలు," అని కళ్ళు మూసుకున్నారు. పచ్చలైటు వెలిగేక కూడా తెరవలేదు. వాళ్ళమ్మగారితో ఏదో చెప్పుకుంటున్నారనిపించి నేను పలకరించలేదు.

పెద్దకార్యానికి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవులో, బళ్ళని కూడా ఏరు దాటించే నరసాపురం పంటు ఎక్కేను. ఒక జీపు, నాలుగైదు మోటారు సైకిళ్ళు, గెలలేసుకొచ్చిన ఒక వ్యాను, అన్నీ ఇంజన్లు ఆపుకుని పక్కపక్కన నిలబడ్డాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. సాయంత్రపు గోదావరి మీద ఎండ పల్చగా పరుచుకుని ఉంది. నడి ఏట్లో అవతలి ఒడ్డు నుంచి వస్తున్న పంటు ఎదురైంది. అందులోవాళ్ళు మమ్మల్ని చూసేరు, మేం వాళ్ళని చూసేం. మధ్యలో కాసింత నీళ్ళుంచుకుని, రెండూ నెమ్మదిగా ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళిపోయేయి.