కటింగ్ షాపు కుర్చీ

పదేళ్ళ కిందటి మాట. ఎన్నికలకు ముందటి ఎండాకాలం. ప్రొద్దుటూరులో మూతబడిన ఒక పత్తి మిల్లులో నాకు వడ్రంగం పని దొరికింది. పని ఇచ్చింది హైదరాబాదు నుంచి వచ్చిన కవిత అనే ఆర్టిస్టు. ఆమె చేసేది ఇన్‌స్టలేషన్. అంటే గోడకు తగిలించి దూరం నుంచి చూసే బొమ్మ కాదు, చూడవచ్చినవాళ్ళు లోపలికి నడిచి, తాకి, కూర్చోగలిగేది. ఫ్యాక్షన్ రోజుల్లో మా వైపు బజారు ఎలా ఉండేదో అలా ఆ మిల్లులోనే కట్టాలన్నది ఆమె ఆలోచన. ఒక టీ హోటలు, ఒక సైకిల్ షాపు, ఒక కటింగ్ షాపు.

కొత్త చెక్కను పాతదిగా కనిపించేలా చేయడాన్ని ఏజింగ్ అంటారు. టీ డికాక్షన్ పూసి ఆరనిచ్చి, చేతులు ఆనే చోట్ల గరుకు కాగితంతో రుద్దాలి. ఆ పని నాకు బాగా వచ్చు. కటింగ్ షాపు గోడకు ఏ నాయకుడి క్యాలెండర్ పెడదామని ఆమె అడిగింది.

"ఎవురిదీ వద్దు మేడం. గండి ఆంజనేయస్వామిది పెట్టండి. రెండు పార్టీలోళ్ళూ గడ్డం గీపిచ్చుకోవాల గదా" అన్నాను.

కుర్చీ విషయంలో మాత్రం నోరు తెరవలేదు. డ్రాయింగులో అది అద్దానికి ఎదురుగా, వాకిలికి వీపు పెట్టి ఉంది. అలాగే నేలకు బోల్టులతో బిగించేశాను.

ప్రదర్శన తెరిచిన రెండో రోజు మధ్యాహ్నం వేముల దగ్గరి పల్లె నుంచి ఓబులేసు అనే పెద్దాయన కూతురితో వచ్చాడు. నవ్వుతూ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. నిమిషం కాకముందే వెనక్కి వాకిలివైపు చూస్తూ లేచాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. కవిత పరుగున నీళ్ళు తెచ్చింది.

"ఈ కుర్చీ ఎవురేసినారు?" అన్నాడాయన.

"నేనే మామా."

"యా ఊరు నీది?"

"జమ్మలమడుగు."

"జమ్మలమడుగోనివై ఉండి వాకిలికి ఈపు పెట్టి ఏస్తావా? మా యన్న ఇట్ల కూచ్చోనున్నప్పుడే గదరా నరికిరి!"

కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. కవిత ముందుకొచ్చి, "తీసేయిస్తాను, ఈ గది మూసేస్తాను" అంది.

"తీయొద్దమ్మా. తిప్పండి, చాలు."

అప్పటికప్పుడు బోల్టులు విప్పి, కుర్చీని వాకిలివైపు తిప్పి బిగించాను. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. చాలాసేపు వాకిలినే చూశాడు.

"ఇట్ల కూచ్చోనింటే వచ్చేటోళ్ళు అగపడింటారు," అన్నాడు. మళ్ళీ తనే, "తర్వాత మేము గూడా ఊరికే ఉండ్లేదులే. వాళ్ళిండ్లల్లో గూడా శానా ఏడ్సినారు" అన్నాడు.

తండ్రి నోట ఆ మాట తాను ఎప్పుడూ వినలేదని బయటికి వచ్చాక ఆయన కూతురు నాతో చెప్పింది.

ఆ రోజుల్లో మా ఊళ్ళో కుర్చీలు ఎటు తిరిగి ఉండేవో నాకు తెలియక కాదు. చెప్పడం నా పని కాదనుకున్నాను. డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు చేస్తే పనివాడి బాధ్యత తీరిపోతుందని ముప్పై ఏళ్ళు నమ్మాను. ఆ రోజు నుంచి, నాకు తెలిసింది డ్రాయింగులో లేకపోతే ముందే అడుగుతున్నాను. కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతాను.

ప్రదర్శన ఇంకో రెండు వారాలు నడిచింది. బయటి ఊళ్ళవాళ్ళు వచ్చి, అద్దం వీపు వెనక ఉంటే కటింగ్ ఎలా చూసుకుంటారని అడిగేవారు. పులివెందుల, జమ్మలమడుగు నుంచి వచ్చిన పెద్దవాళ్ళలో ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు.