కుడి చేతికి గోరింట

గుడ్లవల్లేరు దాటాక కాలవ మీద లాకు ఉంది. లాకు పక్కన హనోకు ఇల్లు. లస్కరుగా ఆ లాకు గేట్లు ఎత్తుతూ దించుతూ పనిచేసి రిటైరయ్యాడు. ఊరు దూరం. ఇరుగుపొరుగు లేదు. వాకిట్లో ఒక గోరింట చెట్టు ఉంది.

దాన్ని పెట్టింది అతని భార్య దయామణి. నాగాయలంక అవతల పుట్టింటి చౌడు నేల నుంచి పెన్సిలంత లావు కొమ్మ తెచ్చి తొలకరిలో గుచ్చింది. వేరు పట్టేదాకా నీళ్ళు పోసింది. ఆ తర్వాత అది ఎవరినీ ఏమీ అడగలేదు. ఉప్పుకి ఓర్చే జాతి. ముదురు కొమ్మలకు ముళ్ళు, చిన్న ఆకు. ఏటా ఎండాకాలం చివర ఆమె దాన్ని మోకాలెత్తుకి నరికేసేది. వానకి చిగుళ్ళు గుబురుగా వచ్చేవి. ఎర్రగా పండేది ఆ లేతాకే.

చర్చికి వెళ్ళే కుటుంబం, ఆషాఢం గోరింట వాళ్ళ ఆచారం కాదు. అయినా ఆ నెలలో ఆమె చింతపండు వేసి ఆకు రుబ్బేది. ఎడమ చేతికి తనే పెట్టుకునేది. కుడి చేతికి పెట్టడానికి ఇంకో ఆడమనిషి కావాలి. లేరు కాబట్టి హనోకే పెట్టేవాడు. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకు టోపీలు. ఈ సంగతి తోటివాళ్ళెవరికీ చెప్పలేదు.

కిందటి చలికాలంలో దయామణి పోయింది. ఎండలు ముదిరాక చెట్టు నరకడానికి అతనికి చెయ్యి రాలేదు. ఆమె ముట్టుకున్న కొమ్మలు కదా అని వదిలేశాడు. చెట్టు ఏపుగా పెరిగి పూసింది. మీగడ రంగు సన్నటి పూలు, గుత్తులు గుత్తులు. ఆ పూలు ఎండబెట్టి ఆమె చీరల మడతల్లో పెట్టేది. ఇప్పుడు ఆ వాసన ఇల్లంతా నిండింది. హనోకు కిటికీ మూయడం మానేశాడు.

ఆషాఢం మొదట్లో శాంతి వచ్చింది. కాలేజీ హాస్టల్ మెస్సులో సూపర్‌వైజరు. లాకు అవతల, ఊరి చివర గది తీసుకుని ఒక్కతే ఉంటోంది. కాస్త ఆకు ఇమ్మంది. కోసుకోమన్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చి ఎడమ చెయ్యి చూపించింది. టీ ఒలికిన మరకలా ఉంది రంగు.

"మీ చెట్టు మోసం చేసింది బాబాయ్ గారూ. పసుపు పూసుకున్నా ఇంతకంటే నయం."

"ముదురాకమ్మా. ఈ ఏడు నరకలేదు." ఆమె కుడి అరచెయ్యి బోసిగా ఉంది. "ఆ చేతికి పెట్టుకోలేదేం?"

"ఎవరు పెడతారండీ? గోడనడగాలి."

నవ్వుతూనే అంది. నవ్వుతూనే వెళ్ళిపోయింది.

హనోకు కొడవలి తీశాడు. చెట్టు దగ్గర నిలబడ్డాడు. నరికితే పూలు పోతాయి, వాసన పోతుంది. ఇంట్లో దయామణిది ఇంకేమీ మిగలదు. కొడవలి చూరులో పెట్టేశాడు. తెల్లారాక మళ్ళీ తీశాడు. పూల కొమ్మలన్నీ గట్టు మీద పడ్డాయి. ఆ సాయంత్రం ఇంట్లో కాలవ నీళ్ళ వాసన తప్ప ఏమీ లేదు. కిటికీ మూసి పడుకున్నాడు.

చిగురు బాగా వచ్చేసరికి శ్రావణం. హాస్టలుకి కూరగాయలు వేసే ఆటో అతనితో శాంతికి కబురంపాడు. ఆదివారం వచ్చింది. నెల దాటిపోయింది కదండీ అంటే, చెట్టుకి కేలండరు తెలీదన్నాడు. ఆకు అప్పటికే రుబ్బి ఉంచాడు.

ఎడమ చేతికి ఆమె పెట్టుకుంది. హనోకు అడగకుండానే కుడి చెయ్యి అందుకున్నాడు. అరచేతిలో చందమామ దిద్దాడు. చుక్కలు పెట్టాడు. వేళ్ళకు టోపీలు తొడిగాడు. ఆమె ఆ చేతిని వెలుతురుకి ఎత్తి చూసుకుంది.

"ఇప్పుడు గది తాళం ఎలా తీయనండీ?"

"ఆరేదాకా కూర్చో."

అరుగు మీద కూర్చుంది. గేట్ల కింద నీళ్ళు మోత పెడుతున్నాయి. కాసేపటికి అంచులు తెల్లబడి ఆరడం మొదలైంది. హనోకు లోపలికి వెళ్ళి నిమ్మరసంలో పంచదార కలిపి తెచ్చాడు. దూదితో అద్ది ఆరిన చోటల్లా తడి చేశాడు.

"ఎంత ఆలస్యంగా ఆరితే అంత బాగా పండుతుంది," అన్నాడు.

అది నిజమే. ఆరేదాకా ఆమె వెళ్ళదన్నదీ నిజమే. మళ్ళీ అద్దాడు.