నూనె చిప్ప, రంగూన్ ఉయ్యాల

నాలుగేళ్ళ తరువాత మా ఆయన రంగూన్ నుంచి తిరిగొచ్చిన రోజున కవిటిలో సగం ఊరు మా వాకిట్లోనే ఉంది. ఆ రోజుల్లో బర్మా వెళ్ళొచ్చిన వాళ్ళు పట్టుచీరో, టేకుపెట్టో, ఏదీ కుదరకపోతే ఒక నల్లగొడుగో తెచ్చేవారు. ఈయన ఒక ఉయ్యాల తెచ్చాడు. పసిపిల్లల ఉయ్యాల అయితే ఏదో ఆశపడ్డాడని సరిపెట్టుకునేదాన్ని. ఇది మీసాలున్న మనిషి పడుకునే ఉయ్యాల.

ఐరావతి నది మీద సరుకులు మోసే పడవలో పనిచేశాడట. పడవవాళ్ళంతా రాత్రిళ్ళు ఇలాంటి వాటిలోనే వేలాడతారట. తెరచాపలకు వాడే మందపాటి కిత్తాను గుడ్డ, దానికి రెండు చివరలా రెండేసి ఇనప కడియాలు, వాటిలో దూర్చడానికి రెండు పొడుగాటి కిత్తాను పట్టీలు. అదీ నాలుగేళ్ళ సంపాదనలో మా ఇంటికొచ్చిన వింత.

"ఓలమ్మో, ఇంత గుంటడికి ఉయ్యాలేటి?" అంది మా అత్త. ఆవిడ నాకు సొంత మేనత్త. అందుకని నన్ను తిట్టడానికి ఆవిడకు రెండు హక్కులుండేవి.

"బారసాల ఎప్పుడు సేత్తావప్పా? సెప్తే మేమూ వొత్తాం" అని వాకిట్లోంచి ఎవరో అరిచారు. ఆ మాట ఊరు దాటడానికి ఎంతోసేపు పట్టలేదు. పలాస సంతకు వెళ్ళిన మా ఊరివాళ్ళని అక్కడెవరో "మీ ఊరి పిల్లాడు బాగున్నాడా?" అని అడిగారట. అప్పటికి ఆ పిల్లాడి వయసు ఇరవై ఏడు.

ఇదంతా రాస్తున్నానని ఆయనకు కోపం రావడానికి వీల్లేదు. నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. ఆ అక్షరాలతోనే ఇప్పుడు ఆయన పరువు తీస్తున్నాను.

సంగతేమిటంటే, ఆయనకు మంచం మీద నిద్ర పట్టడం లేదు. నులకమంచం వేశాం, చాప వేశాం, అరుగు మీద బొంత పరిచాం. ఎక్కడ పడుకున్నా గుడ్లగూబలా కళ్ళు తెరుచుకునే ఉండేవాడు. "ఈ నేల కదలదమ్మా. సచ్చిపోయి పడుకున్నట్టుంటాది" అనేవాడు. పెరట్లో రెండు కొబ్బరిచెట్లకు ఉయ్యాల కట్టుకుంటే తప్ప లాభం లేదన్నాడు. సరే కట్టుకో అన్నాం.

పట్టీని చెట్టు చుట్టూ తిప్పి, చివరని రెండు కడియాల్లోంచీ దూర్చి, ఒక కడియం మీదుగా మళ్ళీ వెనక్కి లాగాలి. మనిషి ఎక్కగానే ఆ బరువుకు కడియాలు ఒకదాన్నొకటి నొక్కుకుని పట్టీని కరిచి పట్టుకుంటాయి. ముడి అవసరం లేదు. దిగాక ఒక్క లాగు లాగితే ఊడొస్తుంది. ఇదంతా ఆయన మా అత్తకు వివరించి చెప్పి, ఎక్కి, చేతులు తలకింద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తలవైపు పట్టీ జర్రున జారింది. ఇసుకనేల కాబట్టి బతికాడు.

నేను వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తాను.

మొదట్లో తప్పు చెట్టుదే అనుకున్నాం. కొబ్బరిమాను నున్నగా ఉంటుంది, పట్టీ మాను మీదే కిందికి జారుతోందన్నాడు ఆయన. మానుకు చిన్న గంటు పెట్టి అందులో పట్టీ కూర్చోబెడితే జారదన్నాడు. మా అత్త ముఖం చూడాలి అప్పుడు. మా వైపు, ఉద్దానంలో, కొబ్బరిచెట్టంటే ఇంటి కొడుకే. కన్నకొడుకు నిద్ర కోసం ఆ కొడుక్కి గంటు పెట్టాలి. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు ఆవిడ. మూడో రోజు తనే కత్తి పట్టుకెళ్ళి, చెట్టుకు దణ్ణం పెట్టి, గంటు పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

ఆ మధ్యాహ్నం పట్టీ మాను మీద జారలేదు. కడియాల్లోంచి జారింది. ఆయన మళ్ళీ ఇసుకలో కూర్చున్నాడు. నేను మళ్ళీ పరుగెత్తాను.

తరువాత అత్త తన తెలివి చూపించింది. ఎద్దుల పలుపుకు వేసే ముడి వేసింది. ఆ పూట ఆయన పడలేదు నిజమే. కానీ ఒకవైపు పొట్టిదై, తల కిందికీ కాళ్ళు పైకీ వెళ్ళి, ముఖం పండు మిరపకాయలా అయింది. దిగాక చూస్తే ముడి ఊడదు. కిత్తాను మనిషి బరువుకు బిగిస్తే రాయే. చివరికి కత్తితో కోశారు. మూరెడు పట్టీ పోయింది. ఇక నా ఉయ్యాలకు ముడి వేస్తే ఊరుకోనన్నాడు ఆయన. ముడి వేసినవాడు పడవవాడే కాడట. పెరట్లో వేలాడేవాడు పడవవాడెలా అయ్యాడో నేను అడగలేదు.

అడగలేదంటే, అడిగే వీలు లేదు. అప్పటి ఇళ్ళల్లో పగటిపూట పెద్దవాళ్ళెదుట మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడమంటే బట్టల్లేకుండా బజారున పడ్డట్టే. పెళ్ళయిన ఏడాదికే ఆయన ఓడెక్కాడు. తిరిగొచ్చాక నాకు ఆయన దగ్గర కొత్త, ఆయనకు నా దగ్గర బెరుకు. అన్నం వడ్డిస్తున్నప్పుడు "చాలు" అనేవాడు. అదే మా కబుర్లు.

పదోసారో పన్నెండోసారో పడ్డాక, ఒంటికంటిన ఇసుక దులుపుకుంటూ వాళ్ళమ్మతో అన్నాడు: "ఇక్కడ నాకు నిద్దర పట్టదు. అమాస ఎల్లాక బారువ రేవులో ఓడుంది. ఎలిపోతాను."

నేను తలుపు వెనక ఉన్నాను. నాలుగేళ్ళు ఆ ఇంట్లో ఎలా గడిపానో నాకే తెలుసు. ఊళ్ళో ఏ ఆడమనిషి మొగుడు ఏ రోగంతో అక్కడ పోయాడో వింటూ, రాని ఉత్తరాల కోసం చూస్తూ బతికాను. ఈసారి వెళ్తే తిరిగిరాడని నాకు గట్టిగా అనిపించింది. ఒక గుడ్డముక్క జారుతోందని నా కాపురం బర్మా పోవడమేమిటి?

అత్త ఎండుమిరపకాయలు తీసి ఉయ్యాలకు దిష్టి తీసింది. ఉయ్యాల ఆ మర్యాదను పట్టించుకోలేదు.

నా వంతు నేను చేయగలిగింది ఒక్కటే. ఉయ్యాలను బాగా చూసుకోవడం. మా పుట్టిల్లు కోటబొమ్మాళి దగ్గర. అక్కడ ఇనుముకు ఎవరూ సేవలు చేయరు. కవిటికి కాపురానికి వచ్చిన మొదటి రోజునే అత్త నా చేతిలో ఒక కొబ్బరిచిప్ప పెట్టింది. అందులో కొబ్బరినూనె, ఒక గుడ్డపేలిక. "ఉప్పుగాలమ్మా ఇది. ఇనుమన్నది ఏది కనపడితే దానికి రాసీ. నేదంటే తినేత్తాది" అంది. కత్తిపీట, కొడవలి, తాళంకప్ప, తలుపు గొళ్ళెం, నూతి గిలక, అన్నిటికీ రోజూ పొద్దున్నే నూనె రాసేదాన్ని. ఉద్దానం కోడళ్ళందరి చేతులకూ ఆ వాసన ఉండేది. బయటి నుంచి వచ్చి నేర్చుకున్నదాన్ని కాబట్టి నా భక్తి మరీ ఎక్కువ.

మీకు అర్థమైపోయింది కదా. నాకు అవలేదు.

కడియాలు నాలుగూ బర్మానుంచే కాస్త తుప్పుతో వచ్చాయి. ఆయన వస్తువు నా చేతుల మీదుగా తుప్పు పట్టకూడదనుకున్నాను. మాట్లాడే వీల్లేని చోట ప్రేమ ఇంకెలా చూపిస్తాం? ఉయ్యాల చెట్లకు కట్టకముందు నుంచే రోజూ పొద్దున్నే ఆయన నూతి దగ్గర ఉండగా వెళ్ళి, తలవైపు మొదలుపెట్టి, పేలికని నూనెలో ముంచి మరీ రుద్దేదాన్ని. కడియాలకు రాశాక చేతిలో మిగిలిన నూనె పట్టీకి పట్టించేదాన్ని. కాళ్ళవైపు వెళ్ళేసరికి పేలిక ఆరిపోయేది. ఆయన పడ్డప్పుడల్లా, పాపం ఇనుము బిగుసుకుపోయిందేమోనని మర్నాడు ఇంకొంచెం ఎక్కువ రాసేదాన్ని.

అమావాస్య ఇంక మూడు రోజులుందనగా డొంకూరు ఆవిడ వచ్చింది. వారానికోసారి ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేది. సముద్రం మనిషి, వలలూ తాళ్ళ మధ్య పుట్టింది. నోరు మాత్రం ఎండుచేప కంటే ఘాటు. బుట్ట దించి, పెరట్లో వేలాడుతున్న దాన్ని చూసి, "ఇదేనేటి ఊరంతా నవ్వుతున్న ఉయ్యాల?" అంది. దగ్గరికెళ్ళి తలవైపు పట్టీని రెండు వేళ్ళతో నలిపింది. వేళ్ళు వాసన చూసుకుంది. నా వంక చూసింది.

"ఏటమ్మా, ఈ పట్టీని ఏపుడు సేసుకు తింటారేటి?"

"అదేటి?" అన్నాను.

"నూనెమ్మా! పిండితే దీపం ఎలిగిద్ది. కాళ్ళేపు కడియాలు సూడు, ఎంత మసగ్గా ఉన్నాయో. ఇటేపు అద్దంలాగ మెరిసిపోతన్నాయి. మా ఓళ్ళు లంగరు తాడుకి నూనె రాసినోణ్ణి పడవలోంచి తోసేత్తారు. జారకేం సేత్తాది?"

నా మొగుణ్ణి రంగూన్ పంపుతున్నది ఉప్పుగాలీ కాదు, దిష్టీ కాదు, నేను. నా రెండు చేతులతో, రోజూ పొద్దున్నే, భక్తిగా.

ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. నేను ఏడుపు ముఖం పెట్టేసరికి ఆపి, ఎలా వదిలించాలో చెప్పింది. ఆ సాయంత్రం పట్టీలు విప్పి బూడిదతో తోమాను. కుంకుడు రసంలో నానబెట్టి బాదాను. కడియాలను ఇసుకతో రుద్దాను. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎండలో ఆరేశాను. అత్త అడిగితే, మాసిందని ఉతికానన్నాను. అబద్ధం కాదు కదా.

ఆరాక నేనే కట్టాను. పడ్డవాడికంటే పరుగెత్తినదానికి బాగా తెలుస్తుంది, ఏది ఎక్కడ దూర్చాలో.

అన్నం తిని ఆయన వచ్చి ఎక్కాడు. అత్త అరుగు మీద కూర్చుని కొబ్బరిపీచు పేనుతోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. పట్టీ కిర్రుమంది. బిగుసుకుంది. కడియాలు కరిచి పట్టుకున్నాయి. ఒక్క వేలెడు కూడా జారలేదు. ఆయన అటూ ఇటూ ఊగాడు. హాయిగా నిద్రపోతాడనుకున్నాను. నిద్రపోలేదు. తల తిప్పి సూటిగా నా వైపు చూశాడు. వాళ్ళమ్మ అక్కడే ఉందన్న బెరుకు కూడా లేకుండా అడిగాడు.

"ఈయాల నూనె రాయనేదేటి?"

నాకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అయ్యాక ఒళ్ళు మండింది. పెద్దవాళ్ళెదుట మాట్లాడకూడదన్న సంగతి అప్పుడు గుర్తులేదు. పెరట్లోకి దూసుకెళ్ళాను.

"నీకు తెలుసేటి బావా?"

"నాలుగేళ్ళు ఈ పట్టీల మీద బతికినోణ్ణి. గంటు పెట్టిన రోజే తెలిసింది."

"తెలిసీ రోజూ ఎందుకు పడ్డావు?"

ఉయ్యాల అంచున ఉన్న కుట్టును గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"మొదట్లో, నేను ఎలిపోవాలనే రాత్తన్నావనుకున్నాను. నాలుగేళ్ళు ఒగ్గేసి పోయినోణ్ణి, కోపముండదా? నాయమే అనుకున్నాను. కానీ పడినప్పుడల్లా పరిగెట్టుకొత్తన్నావు. రాసేదీ నువ్వే, పరిగెట్టేదీ నువ్వే. ఏది నిజమో తెల్లేదు. అడుగుదామంటే నోరు రానేదు. సూద్దామని పడతా ఉన్నాను."

తన నడుము విరగ్గొట్టుకుని నా మనసు తెలుసుకుందామనుకున్నాడు. ఇంతకంటే తెలివిమాలిన మనిషిని నేను చూడలేదు. ఇంతకంటే ఇష్టమైన మనిషినీ చూడలేదు.

"ఓడ సంగతేటి మరి?" అన్నాను.

"నువ్వు ఉండమన్నేదు గదా."

"ఉండు" అన్నాను. పక్క పెరళ్ళకు కూడా వినపడేలా అన్నాను. "ఎక్కడికీ ఎల్లకు. ఉండు బావా."

వెనక పీచు పేనుతున్న చప్పుడు ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, అత్త అక్కడే ఉందని. చెంప పగిలిందే అనుకున్నాను. ఆవిడ మెల్లగా లేచి, మమ్మల్నిద్దరినీ దాటుకుని, నేరుగా కొబ్బరిచెట్టు దగ్గరికెళ్ళి ఆ గంటును చేత్తో తడిమింది.

"ఈ ముక్కేదో మొదటి రోజే ఏడిసుంటే నా సెట్టుకి గంటు పడకపోను గదే!" అంది. ఆ తరువాత మా ఇంట్లో మేమిద్దరం పగలు మాట్లాడుకోవడం మొదలైంది. అత్త వినపడనట్టు ఉండడం నేర్చుకుంది. అది ఆవిడకు చాలా కష్టమైన పని.

ఆయన వెళ్ళలేదు. బారువ ఓడ ఆయన లేకుండానే వెళ్ళింది. ఊరివాళ్ళు బారసాల మాట ఎత్తుతూనే ఉన్నారు. చివరికి నిజంగానే మూడు బారసాలలు చేశాం. మూడింటికీ అదే ఉయ్యాల వాడమని డొంకూరు ఆవిడ ఆటపట్టించింది.

ఇన్నేళ్ళూ ఇంట్లో ఇనుముకంతా నూనె రాస్తూనే ఉన్నాను. ఆ నాలుగు కడియాలను మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. వాటి దరిదాపులకు నూనె చిప్ప తీసుకెళ్ళాలంటేనే భయం. ఉప్పుగాలి తన పని తాను చేసుకుపోయింది. ఇద్దరికీ జుట్టు నెరిశాక, ఒక మధ్యాహ్నం తలవైపు కడియం తుప్పుకు తినుకుపోయి పుటుక్కున తెగింది. ఈసారి పట్టీ జారలేదు, అడ్డూ ఆపూ లేకుండా ధబ్బున పడ్డాడు.

మోకాళ్ళ నొప్పులతో పరుగెత్తాను. ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాడు. నన్ను చూసి కళ్ళు తెరిచాడు.

"ఒక్క సుక్క నూనె రాయనేకపోనావేటి?" అన్నాడు.