పౌడరు తుడిచేసిన ఫోటో

పాస్‌పోర్టక్క పగకు ముప్ఫై నాలుగేళ్ళు. ఓటు హక్కు వచ్చి, పెళ్ళీడు దాటి, తలలో ఒకటీ అరా తెల్లవెంట్రుకలు కూడా మొదలైన పగ అది. అయినా ఆమె దాన్ని చంటిబిడ్డలా చంకనేసుకుని తిరిగేది.

రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురుగా ఆమెది ఒంటిగది స్టూడియో. తెల్ల తెర, రెండు గొడుగు లైట్లు, ఒక స్టూలు, అద్దం పక్కన దారంతో కట్టిన దువ్వెన. కట్టకముందు నెలకు నాలుగు దువ్వెనలు పాస్‌పోర్టులతో పాటు దేశం దాటిపోయేవి. పాస్‌పోర్టు ఫోటోలు ఎనిమిది ఒకే కాగితం మీద వేసి, కట్టరుతో టకటకా కోసి, కవర్లో పెట్టి ఇచ్చేది. “గడ్డం కొంచెం దించండి” అని ఆమె అంటే ఎంతటి రౌడీ అయినా దించేవాడు.

ఆమెకు ఏడేళ్ళప్పుడు వాళ్ళమ్మ చిత్తుకాగితాల గోడౌనులో పనిచేసేది. తెల్లకాగితం ఒకవైపు, అట్టలు ఒకవైపు, ప్లాస్టిక్ ఒకవైపు వేరుచేయడం పని. ఒకరోజు మెడలో రెండు కెమెరాలు వేలాడేసుకుని ఒకాయన వచ్చాడు. ఆయన్ని కళాకారుడు అందాం, ఆయనా అదే అనుకునేవాడు. పిల్లను ఫోటో తీస్తాననగానే తల్లి పని వదిలేసి, పిల్లను పంపు దగ్గరకు ఈడ్చుకెళ్ళి మొహం తోమి, రెండు జడలు బిగించి, పక్కింటావిడ పౌడరు డబ్బా అడిగి తెచ్చి అద్దింది. పిల్ల వెలిగిపోయింది. కళాకారుడు తల పట్టుకున్నాడు.

“అంతా పాడుచేశావు కదమ్మా! నువ్వు కాస్త పక్కకు జరుగు.”

జేబురుమాలు తీసి పౌడరు తుడిచేశాడు. జడలు విప్పేశాడు. ముందు పళ్ళు రెండూ ఊడిన నోటితో పిల్ల నవ్వింది.

“నవ్వకు. నిన్న నిన్నెవరు కొట్టారో గుర్తు తెచ్చుకో.”

నిన్న ఎవరూ కొట్టలేదు. ఆ మాట చెబుదామని పిల్ల నోరు తెరిచేలోపు కెమెరా క్లిక్కుమంది.

ఆ ఫోటోకు బహుమతి వచ్చింది. తర్వాత అది పోస్టరై ఊళ్ళో గోడలన్నీ ఎక్కింది. కింద జానెడు అక్షరాలతో ఒక రాత: “ఈ పాపకు ఎవరూ లేరు.”

తల్లికి చదువు రాదు. పాలు పోసేవాడు చదివి వినిపించాడు. ఆమె “ఎవరూ లేకపోతే జడలు వేసిందెవరు, వాడి బాబా?” అంది. ఆ రోజు నుంచి అట్టలు కోసే కత్తి పట్టుకుని కనబడిన పోస్టరల్లా గీకడం మొదలుపెట్టింది. ఆమె గీకిన గోడలకు సున్నం వేయడానికే మునిసిపాలిటీ ప్రత్యేకంగా ఒక బండి పెట్టిందని నేను చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానె.

బడిలో పిల్లకు “ఎవరూలేరు” అని పేరు పడింది. సాయంత్రం తల్లి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళుతున్నా వెనక నుంచి అదే పేరుతో పిలిచేవారు. ఆ పిలుపుల మధ్య నడుస్తూ పిల్ల ఒకటే అనుకుంది: ఆ రాత మార్పించాలి. వాడి చేత్తోనే.

స్టూడియో ఊడవడంతో మొదలుపెట్టి, నెగటివ్‌లు కడగడం, మొటిమలు మాయం చేయడం, చివరికి కెమెరా పట్టడం నేర్చుకుంది. సొంత గది తెరిచాక, ఆదివారాలు గోడౌను పిల్లల్ని పోగేసి ఫోటోలు తీయడం నేర్పసాగింది. పాత కెమెరాలు, అద్దం పగిలిన ఫోన్లు ఎక్కడెక్కడివో తెచ్చింది. అందరూ సేవ అన్నారు. స్టూడియో పక్కనే ఉండే నేనూ అదే మాటంటే ఆమె నవ్వింది.

“సేవ కాదు బాబాయ్ గారూ, సైన్యం.”

కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన క్షమాపాఠం ఎత్తబోయాను. “పౌడరు తుడిచింది మీ మొహం మీంచి కాదు కదా,” అంది. పాఠం అక్కడితో ముగించాను.

ఆ సైన్యానికి రెండే రూల్సు. ఫోటోలో ఎలా కనబడాలో దిగేవాళ్ళే చెప్పాలి. తీశాక ముందు వాళ్ళకే చూపించాలి, వాళ్ళు సరే అంటేనే గోడెక్కించాలి.

పన్నెండు మంది పిల్లలు ఆ రెండు రూల్సుతో తమకు చెప్పాలనిపించిందల్లా చెప్పారు. ఒక పిల్ల వాళ్ళ నాన్న పాదాలు తీసింది. ఫోటో అనగానే ఆయన గోళ్ళు కత్తిరించుకుని వచ్చాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు అట్టపెట్టెల గుట్టెక్కి రాణుల్లా కూర్చున్నారు. పదేళ్ళ టముకు, ఆ పేరు గొంతు వల్ల వచ్చింది, వాళ్ళ నాయనమ్మను తీయబోతే ముసలావిడ గోడవైపు తిరిగిపోయింది. “మొహం ఏముందే, జడ తీయి. అదింకా బాగుంది.” ఆ జడ ఫోటో చూసిన వాళ్ళెవరికైనా, ఒక్కసారి ఇటు తిరగమ్మా అని బతిమాలాలనిపిస్తుంది.

ఇలా ఉండగా టౌన్‌హాలులో కళాకారుడి యాభై ఏళ్ళ ఫోటోల ప్రదర్శన పెట్టారు. ఒక మూల పేదపిల్లల ఫోటోలు కూడా ఉంటే నిండుగా ఉంటుందని నిర్వాహకులు అక్కను పిలిచారు. ఆమె పన్నెండు మందినీ, తల్లినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. నేనూ వెళ్ళాను, అలాంటివి వదులుకునే వయసు కాదు నాది. హాలు వాళ్ళు కొనేసిన అక్క చిన్ననాటి ఫోటో నడిమి గోడ మీద మనిషెత్తున ఉంది. కింద అదే రాత.

కళాకారుడు మైకు ముందుకొచ్చాడు. అక్కను చూశాడు, తల ఊపాడు, గుర్తుపట్టలేదు.

“ఈ పాప...” అని ఫోటో వైపు చెయ్యి చాచి, గొంతు సవరించుకున్నాడు. “ఈ పాప ఆ చలికాలం దాటలేదు. నా చేతుల్లోనే పోయింది.”

హాలంతా ముక్కులు చీదింది. రెండో వరసలోంచి ముసలి తల్లి లేచింది.

“ఏమయ్యా, నా కూతుర్ని ఎప్పుడు చంపావు? నాకు కబురైనా పెట్టలేదే!”

అక్క నడిచి వెళ్ళి ఫోటో పక్కన నిలబడింది. అదే నుదురు, కనుబొమ మీద అదే మచ్చ. కళాకారుడి నోరు తెరుచుకుంది. పన్నెండు కెమెరాలు ఒక్కసారే క్లిక్కుమన్నాయి. అన్నిట్లోకీ టముకు తీసింది అదిరింది: కళ్ళజోడు ముక్కు చివరికి జారి, రప్పించుకున్న కన్నీరు ఇంకా చెంప మీదుండగానే, గొంతులో కొండనాలుక కూడా కనబడేంత స్పష్టంగా.

పత్రిక విలేకరి పరుగెత్తుకొచ్చాడు. అక్క కెమెరా కోసం చెయ్యి చాచింది. టముకు ఇవ్వలేదు.

“తాతగారిని అడగలేదక్కా.”

“వాణ్ణి అడిగేదేంటే!”

“రూలు నువ్వే పెట్టావు.”

తన రూలును తనే అంత అసహ్యంగా చూసిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు. టముకు వెళ్ళి అడిగింది. “వద్దు, తీసెయ్!” అన్నాడాయన. మర్నాటికల్లా ఆయన మనుషులు, ఎవరో మతిలేని ముసల్ది అరిచిందని ప్రచారం చేశారు. రాత మాత్రం గోడ మీద అలాగే ఉంది.

ఆ తర్వాత మూడు రోజుల్లో అక్క తీసిన పాస్‌పోర్టు ఫోటోల్లో అందరూ పారిపోతున్న దొంగల్లా ఉన్నారు. నాలుగో రోజు తల్లి అంది, “వద్దన్నాడు సరే. మళ్ళీ అడగకూడదని రూలుందా?”

లేదు.

ఆదివారం పది గంటలకు కళాకారుడి ఇంటి గంట మోగింది. గుమ్మంలో పన్నెండు మంది, నున్నగా తలలు దువ్వుకుని, వరసగా.

“నమస్కారం తాతగారూ. ఈ ఫోటో గోడకు పెట్టుకోవచ్చా?”

“వద్దు!”

“సరే తాతగారూ. వచ్చే ఆదివారం వస్తాం.”

ప్రతి ఆదివారం వెళ్ళారు. ప్రతిసారీ ఫోటోను ఇంకాస్త పెద్దది చేసి తీసుకెళ్ళారు. పోస్టుకార్డంతతో మొదలైనది తొమ్మిదో ఆదివారానికి తలుపంత అయింది. ఇతరులకు చూపించకూడదు కాబట్టి దుప్పటి కప్పి నలుగురు మోసేవారు, ఆయన తలుపు తీశాక ఆయనకొక్కడికే తీసి చూపేవారు. దుప్పటి కింద ఏముందోనని వీధి వీధంతా మేడలెక్కి మెడలు సాచేది. ఆయన వాకింగ్ మానేశాడు. కూరగాయల బండివాడు కూడా, “సార్, అందులో ఏముంది సార్?” అని అడిగేవాడు.

తొమ్మిదో ఆదివారం ఆయనే గేటు దాకా వచ్చాడు. బయట అక్క, ఆమె తల్లి, నేను నిలబడి ఉన్నాం.

“ఏం కావాలమ్మా మీకు? ఆ ఫోటో దింపించేస్తాను, సరేనా?”

“దించొద్దు,” అంది అక్క. “అందులో ఉన్నది నేను. నేనెందుకు దిగాలి? కింద రాత మార్చండి. మీ చేత్తో.”

“అది కళమ్మా. నీకు తెలీదు.”

“ఇది కూడా కళే కదండీ,” అని ఆమె దుప్పటి అంచు వేళ్ళతో పట్టుకుంది. పైన మేడల మీద జనం ముందుకు వంగారు.

ఆయన చొక్కా మార్చుకుని వచ్చాడు. దుప్పటి కప్పిన ఫోటోతో సహా అందరం కలిసే టౌన్‌హాలుకు వెళ్ళాం. పాత రాత పీకించి, తెల్ల అట్ట మీద ఆయన తన చేత్తో రాశాడు: “ఈ పాప బతికే ఉంది. తల్లి పక్కనే ఉంది. ఆమెను నేనే జరగమన్నాను. పాప నవ్వింది. నేనే వద్దన్నాను.”

టముకు దాన్ని గొంతెత్తి చదివింది. తల్లి మళ్ళీ చదవమంది. మూడోసారి కూడా చదివించుకుంది. ఆయన చేతికర్ర మీద ఒరిగి, ఇక వెళ్ళనా అన్నట్టు చూస్తున్నాడు. తల్లి ఆయన్ని పట్టించుకోకుండా ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ హాలు గుమ్మం దాకా వెళ్ళింది. టముకును కూడా అక్కడికి పిలిచింది.

“ఇక్కణ్ణుంచి చదవవే.”

టముకు కళ్ళు చికిలించింది. “కనబడట్లేదవ్వా.”

“అదీ సంగతి. అక్షరాలు చిన్నగా ఉన్నాయి. అప్పుడు జానెడేసి ఉండేవి. అంతంత రాయమను.”

కళాకారుడు గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. పని అయిపోయిందని పిల్లలు తాము తెచ్చిన ఫోటోను గోడవైపు తిప్పిపెట్టి దుప్పటి మడతపెట్టబోయారు.

“మడతపెట్టకండి,” అంది అక్క. “ఆదివారం కావాలి.”