తునికాకు పాటల డిస్కు

సారపాకలో బస్సులు ఆగే చోటికి కాస్త ఇవతల, టైలరు దుకాణానికీ మందుల షాపుకీ నడుమ ఒక ఇరుకు గది ఉంది. బోర్డు మీద జిరాక్స్ సెంటర్ అని ఉన్నా పెళ్లి కార్డులు, చర్చి సభల ఫ్లెక్సీలు, వర్ధంతి బ్యానర్లు, బిల్లు పుస్తకాలు అన్నీ అక్కడే తయారవుతాయి. తయారు చేసేది మహిమ. నలభై రెండేళ్ల మనిషి. ఆమె బొమ్మ గీస్తూ ఉన్నప్పుడు వచ్చినవాళ్లు రెండుసార్లు పిలవాలి. మొదటి పిలుపు ఆమె దాకా చేరదు. ఈ సంగతి సారపాకలో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు. రెండో పిలుపుతో పాటు బల్ల మీద చిన్నగా తడతారు. ఆమె ఎక్కడినుంచో తిరిగి వచ్చినట్టు తలెత్తి చూస్తుంది.

ఈ అలవాటు చిన్ననాటిది. తండ్రి ఆంథోని కాగితం మిల్లులో వెదురు దించే కాంట్రాక్టు కూలీ. అట్టలు కోయగా మిగిలిన సన్నటి బద్దలు కూతురి కోసం ఇంటికి తెచ్చేవాడు. మూరెడు పొడుగు, రెండు వేళ్ల వెడల్పు. వాటి మీద పట్టేవి పొడుగాటి బొమ్మలే. గోదావరి, చీమల బారు, వెదురు లారీల వరుస, వర్షంలో జారిపోతున్న వానపాము. ఇల్లు గీయాలంటే వెడల్పు చాలదు కనుక మహిమ ఇల్లు గీయడం చాలా ఆలస్యంగా నేర్చుకుంది. ఇంటర్ అయ్యాక ఖమ్మంలో కంప్యూటర్ కోర్సులో చేరినప్పుడు బొమ్మలు గీసే కోరల్ సాఫ్ట్‌వేర్‌లో మొదటి గీత గీసింది. దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. తెర నిండా గీత ఒక్కటే మిగిలినా దాని అంచు చెదరలేదు. ఫొటో అయితే ఈపాటికి గళ్లు గళ్లుగా విడిపోయేది. ఈ గీత మాత్రం ఎంత దగ్గరికి వెళ్తే అంత నున్నగా ఉంది. ఆ రోజు హాస్టల్‌కి నడిచి వెళ్తుంటే కరెంటు తీగలు, కాలవ గట్టు, ఎద్దు కొమ్ము అన్నీ ఎవరో మౌస్‌తో లాగి వదిలినట్టే కనిపించాయట.

మొన్నటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం సరిత అనే అమ్మాయి ఆ దుకాణానికి వచ్చింది. మణుగూరులో అంగన్‌వాడీ టీచరు. సంచిలోంచి పాత రుమాలు తీసి, అందులో చుట్టిన సీడీని బల్ల మీద పెట్టింది. అది తన తల్లి సారక్క పాడిన పాటలదని చెప్పింది. తండ్రి బొగ్గు గనిలో పనిచేసేవాడు, తల్లి ప్రతి ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోతకు అడవికి వెళ్లేది. అక్కడ పాడేది. ఇరవై ఏళ్ల కిందట ఎవరో వచ్చి ఒక్క పూటలో ఆ పాటలు రికార్డు చేసుకుని, ఒక చీర పెట్టి వెళ్లిపోయారు. తర్వాత జాతరలో ఈ సీడీ అమ్ముతుంటే ఇంటివాళ్లు తామే కొనుక్కున్నారు. పోయినేడు సారక్క గొంతులో గడ్డ తీశారు. ప్రాణం నిలిచింది గానీ పాట పోయింది. ఇప్పుడు మాట కూడా గుసగుసలాగే వస్తుంది. ఆ గొంతు మిగిలింది ఈ సీడీలోనే. దాన్ని ఒక ముప్పై కాపీలు చేసి, పైన తల్లి పేరు, ఫొటో వేసి చుట్టాలకు పంచాలని సరిత కోరిక.

ఫోన్‌లో వేసి పంపితే సరిపోతుంది కదా అని మహిమ అడిగింది. డిస్కు లేబుల్ చేసి ఆమెకు ఆరేళ్లయింది. అడిగేవాళ్లే లేరు.

"ఫోన్‌ల ఏస్తె అమ్మకు చేతిల ఏం ఉంటదక్కా? పట్టుకొని చూస్కోవాలె గదా."

మహిమ సీడీని వెలుతురుకు తిప్పింది. ఆకుపచ్చ అడవి, పక్కన కడవ పట్టుకుని నవ్వుతున్న తెల్లటి పిల్ల, పైన "అడవి పాటలు", కింద "జానపద బృందం". మూలన ఒక ఆకు. ఆ ఆకు కొన దగ్గర గీత ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ వంగి ఉంది. మౌస్ పట్టిన చెయ్యి వణికిన చోటు అది. సరిదిద్దుదామనుకుని వదిలేసిన చోటు.

ఆ చెయ్యి తనదే. ఖమ్మంలో మొదటి ఉద్యోగం చేసిన దుకాణంలో యజమాని ఒక చీటీ, ఎక్కడిదో ఒక పిల్ల ఫొటో ఇచ్చి గంటలో కావాలన్నాడు. ఎవరు పాడారని ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. డిస్కులో ఏముందో ఆమె ఈ రోజు దాకా విననే లేదు.

సరితకు ఏమీ చెప్పలేకపోయింది. సీడీ ఉంచి వెళ్లమంది. ఆ అమ్మాయి బస్సెక్కాక పాత కంప్యూటర్‌లో దాన్ని వేసింది. గీరలు పడ్డ చోట్ల పాట తడబడింది, తర్వాత దారిలో పడింది. బరువైన గొంతు, తొందర లేని గొంతు.

*కట్ట గట్టే చేతికి ఎండే గాజులాయె,
కాలి కింది ఆకుకు అడివే ఊరాయె...*

బయట వాన మొదలైంది. టైలరు మిషను చప్పుడు, లారీల మోత, మిల్లు వైపునుంచి వచ్చే పుల్లటి వాసన అన్నీ ఎక్కడికో జరిగిపోయాయి. మోకాలెత్తు తునికి మొక్కల మధ్య నలుగురైదుగురు ఆడవాళ్లు వంగి ఉన్నారు, ఆకులు తెగుతున్న చిన్న చప్పుడు పాటకు తాళంలా ఉంది. కళ్లు తెరిచే ఉన్నా మహిమకు దుకాణం కనిపించలేదు. ఆ రోజు ఇద్దరు మనుషులు మూడేసి సార్లు పిలిచి వెళ్లిపోయారు.

ఆదివారం ఆరాధన ముగిసీ ముగియగానే ఆమె మణుగూరు బస్సెక్కింది. ఫొటో తీసుకోవడానికి వస్తున్నానని సరితకు చెప్పింది. చెప్పాల్సింది అది కాదు. దారి పొడవునా, వాన కడిగిన టేకు చెట్లు కిటికీ పక్కగా కదిలిపోతుంటే, మాటలు కూర్చుకుంటూ పోయింది. ఒక్క వాక్యమూ నిలవలేదు.

సారక్క ఇంటి ముందు చిక్కుడు పందిరి ఉంది. పందిరికి ఆరేడు సీడీలు దారాలతో వేలాడుతున్నాయి. గాలికి తిరుగుతూ గోడ మీద రంగులు చల్లుతున్నాయి. గీరలు పడి పాట రాని పాత కాపీలను చిలకలు రాకుండా కట్టామని సరిత చెప్పింది. మహిమ ఒకదాన్ని ఆపి చూసింది. కడవ పట్టిన పిల్ల ఎండకు వెలిసిపోయి నీడలా మిగిలింది.

సారక్క అరుగు మీద కూర్చుని ఉంది. ఎముకల మనిషి, మెడకు పలచటి తువ్వాలు. మహిమ ఆమె పక్కన కూర్చుని, కూర్చుకున్న మాటలన్నీ వదిలేసి, ఉన్నది చెప్పింది.

"అమ్మా, ఆ బొమ్మ నేనే చేసిన. మీ పేరు అడగాలని గూడ నాకు తట్టలె."

సరిత బిత్తరపోయి చూసింది. సారక్క మాత్రం దగ్గరికి రమ్మన్నట్టు చెయ్యి ఊపింది. ఆమె మాట వినాలంటే చెవి దగ్గరికి తీసుకెళ్లాలి.

"అది తునికాకు గాదు బిడ్డా. మామిడాకు."

అని నవ్వింది. నవ్వు కూడా గాలిలాగే వచ్చింది. ఆ మూలన ఉన్న ఆకును చూసి అప్పట్లో అడవిలో అందరూ నవ్వుకున్నారని సరిత తల్లి సైగలను బట్టి విడమరిచి చెప్పింది. మహిమ చూసి గీయలేదు మరి. ఆకు అంటే చేతికి వచ్చిన ఆకు గీసింది.

ఫొటో తీస్తానంటే సారక్క వద్దంది. పేరు వేస్తామంటే తల అడ్డంగా ఊపింది. మళ్లీ చెవి దగ్గరికి రమ్మంది. ఈసారి మాటలు ఆగి ఆగి వచ్చాయి. ఆ పాటలు తను ఒక్కతే పాడలేదు. ముందు తను ఎత్తుకుంటే వెనక ముగ్గురు అందుకునేవాళ్లు. వాళ్లు లేకపోతే తనకు చరణం గుర్తుకే వచ్చేది కాదు.

"నా పేరు ఒక్కటే ఏస్తె, మల్ల గట్లనే అయితది గదా."

సరితకు ఈ మాట నచ్చలేదు. తల్లి కోసమే కదా ఇదంతా అని ఆమె బాధ. కానీ సారక్క అప్పటికే వేళ్లు మడుస్తోంది. ఒకరు భారతమ్మ, రెండు వీధుల అవతలే ఉంటుంది. ఒకరు విశ్రాంతమ్మ, ఏన్కూరులో కొడుకు దగ్గర ఉంది. మూడో వేలు మడిచి ఆగిపోయింది. మూడో మనిషి చనిపోయి తొమ్మిదేళ్లయింది. అందరూ ఆమెను పోతయ్య పెండ్లాం అనేవాళ్లు. పిలవాలంటే "ఓ పిల్లా" అని పిలిచేవాళ్లు. పేరు సారక్కకు తెలియదు. భారతమ్మను పిలిపించి అడిగితే ఆమెకూ తెలియలేదు. పదహారు ఎండాకాలాలు పక్కపక్కన ఆకు కోసిన మనిషి పేరు తమకు తెలియదన్న సంగతి ఆ ఇద్దరికీ ఆ మధ్యాహ్నమే తెలిసింది.

మరుసటి వారం మహిమ, సరిత పోతయ్యను వెతుక్కుంటూ వెళ్లారు. అశ్వాపురం దాటాక రోడ్డు వదిలి ఆటోలో కొంత దూరం, తర్వాత నడక. వాగు దాటితే ఇప్ప చెట్ల మధ్య పదిహేను ఇళ్లు. మంచు లేని కాలమే అయినా తడి నేల మీంచి ఆవిరి లేస్తోంది. దానిలోంచి మేకలు ఒక్కొక్కటే బయటికి వచ్చి చూసి మళ్లీ లోపలికి పోతున్నాయి. ఎవరో ఇంట్లో పిల్లకు వేరే భాషలో జోల పాడుతున్నారు.

పోతయ్య తడిక అల్లుతున్నాడు. చెవులు బాగానే పనిచేస్తున్నాయి. వచ్చిన పని చెప్పగానే చేతిలో బద్ద పక్కన పెట్టాడు గానీ నోరు విప్పలేదు. మరిచిపోయాడేమోనని మహిమ భయపడింది. అతని ముఖం చూశాక అది మరుపు కాదని అర్థమైంది. పెళ్లి పందిట్లో పెళ్లాం పేరు చెప్పమంటే తలదించుకునే కుర్రాడి సిగ్గు అది. నలభై ఏళ్ల కాపురంలో అతను ఆమెను పేరుతో పిలిచింది లేదు.

"చెప్తె ఏమైతది తాతా, రాస్కొని పోతం" అంది సరిత మెల్లగా.

పోతయ్య వాగు వైపు చూస్తూ చెప్పాడు.

"చుక్కమ్మ."

వెనక్కి వస్తూ మహిమ దారి పక్కన తునికి మొక్క దగ్గర ఆగింది. కోత కాలం కాదు, ఆకులు ముదిరి ఉన్నాయి. రెండు తెంపి సంచిలో పెట్టుకుంది.

మూడు మధ్యాహ్నాలు ఆమె ఆ లేబుల్ మీద కూర్చుంది. కంట్రోల్ మీట నొక్కి పట్టి పెద్ద వృత్తం లాగింది, నడిమధ్యలో చిన్న వృత్తం పెట్టి బొక్క చేసింది. డిస్కు లేబుల్‌లో కష్టం అదే. ఎవరి ముఖం పెట్టినా నడిమికి తెస్తే బొక్క పడుతుంది, పక్కకు నెడితే మిగతా చోటు బోసిపోతుంది. ముఖాలు వద్దని సారక్క అనడంతో ఆ చిక్కు తప్పింది. అసలు ఆకును తెర పక్కన అంటించుకుని దాని అంచు మీద ఒక్కొక్క చుక్కా పెడుతూ పోయింది. మామిడాకులా కొన సాగలేదు. కొంచెం మొద్దుగా, గుండ్రంగా తిరిగింది. ఈనెలు రెండు పక్కలా సరిసమానంగా లేవు, వాటిని అలాగే ఉంచింది. పాట వెనక నడుస్తూనే ఉంది. గీతను దగ్గరికి తెచ్చుకుంటూ, ఇంకా దగ్గరికి తెచ్చుకుంటూ ఆమె ఆకు లోపలికి వెళ్లిపోయింది. అక్కడ ఎండ పచ్చగా ఉంది. నాలుగు గొంతులు దూరం దూరంగా ఒకదాన్నొకటి అందుకుంటున్నాయి.

చివరికి నాలుగు పేర్లనూ వృత్తం అంచు మీద కూర్చోబెట్టింది. సారక్క, భారతమ్మ, విశ్రాంతమ్మ, చుక్కమ్మ. ఏది మొదలో ఏది చివరో తెలియకుండా చుట్టూ సమంగా. అచ్చులో ఫాంటు చెదరకుండా అక్షరాలను గీతలుగా మార్చే ముందు ఆరుసార్లు చదువుకుంది. ఒకసారి మార్చాక అవి అక్షరాలు కావు, బొమ్మలే, దీర్ఘం తప్పు పడినా దిద్దడం కుదరదు. పాత ప్యాకెట్‌లో మిగిలిన స్టిక్కర్ షీట్ల మీద అచ్చు తీసి, బుడగలు రాకుండా ముప్పై డిస్కులకూ తన చేత్తోనే అంటించింది.

డిస్కులు ఇచ్చిన రోజు సారక్క ఇంటి అరుగు మీద మహిమ చర్చిలోంచి అడిగి తెచ్చిన పాత ప్లేయర్ పెట్టారు. భారతమ్మ వచ్చింది. విశ్రాంతమ్మకు కాళ్లు సహకరించక ఏన్కూరులోనే ఉండిపోయింది, ఆమె డిస్కును సరిత విడిగా కట్టి పెట్టింది. పోతయ్య ఉతికిన పంచె కట్టుకుని ఎవరో బండి మీద తీసుకొస్తే వచ్చాడు. డిస్కు అతని చేతిలో పెడితే తిప్పి తిప్పి చూశాడు. అతనికి చదువు రాదు. ఏదని అడిగాడు. మహిమ అతని వేలు పట్టుకుని చుక్కమ్మ పేరు మీద పెట్టింది. ఆ వేలు అతను తీయలేదు.

పాట మొదలైంది. సారక్క తన పాత గొంతును ఎవరిదో వింటున్నట్టు కళ్లు మూసుకుని వింది. సరిత తల్లి ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది. ముందొక గొంతు, వెనక మూడు. మూడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. పోతయ్య నొసలు ముడిపడింది. వాటిలో ఏది చుక్కమ్మదో అతనికి తెలియడం లేదు. అడవిలో కోతకు ఆడవాళ్లు వెళ్లేవారు, అతను వెదురు కొట్టడానికి ఇంకోవైపు వెళ్లేవాడు. ఇంట్లో ఆమె ఎప్పుడూ పాడలేదు.

అది సారక్క గమనించింది. రెండో చరణం చివర, మిగతావాళ్లు ఊపిరి తీసుకునే చోట, ఒక సన్నటి గొంతు ఒంటరిగా సాగే క్షణం ఉంది. ఒక్క మాట, అంతే. సరిగ్గా అక్కడ సారక్క చూపుడు వేలు ఎత్తి పట్టింది.

పోతయ్య మళ్లీ వెయ్యమన్నాడు. వేశారు. మళ్లీ ఆ చోట సారక్క వేలు ఎత్తింది. అతను ముందుకు వంగి విన్నాడు. ఇంకోసారి వెయ్యమని అతను అడగకముందే భారతమ్మ లేచి మీట నొక్కింది. ఆరు గంటల బస్సు పోయినట్టు మహిమకు తెలియలేదు. నాలుగోసారి సారక్క వేలు కదలకముందే పోతయ్య తల ఎత్తాడు.